37 దగ్గర మూత, 41 దగ్గర దారి: ఒక ఉష్ణస్పందన హైడ్రోజెల్ వాల్వు రూపకల్పన

కణాలను పెంచే ఒక చిన్న చిప్‌లో ద్రవాల దారి మళ్లించడానికి వాల్వు కావాలని ఒక పరిశోధక బృందం మా దగ్గరికి వచ్చింది. చిప్ మొత్తం 37 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఒక్కో వాల్వు కింద సన్నని హీటర్ ఉంటుంది. అక్కడ మాత్రం ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరితే దారి తెరుచుకోవాలి, హీటర్ ఆపగానే మూసుకోవాలి. గాలి గొట్టాలు, మరలు, కదిలే లోహభాగాలు ఏవీ ఉండకూడదు. ఈ పనికి హైడ్రోజెల్ సహజంగానే సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు నీరు తాగి ఉబ్బి కాలువను మూస్తుంది, వేడెక్కితే నీటిని వదిలి ముడుచుకుని దారి ఇస్తుంది.

వారి దగ్గర అప్పటికే ఒక జెల్ ఉంది. ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్, అంటే ప్రయోగశాలల్లో అందరూ నైపామ్ అని పిలిచే మోనోమర్‌కు (పాలిమర్ గొలుసుగా అల్లుకునే చిన్న అణువుకు) కొద్ది శాతం ఎక్రిలిక్ ఆమ్లం కలిపి తయారుచేసినది. పరివర్తన ఉష్ణోగ్రతను, అంటే జెల్ ఉబ్బిన స్థితి నుంచి ముడుచుకున్న స్థితికి మారే ఉష్ణోగ్రతను, శుద్ధజలంలో కొలిస్తే అనుకున్న చోటే వచ్చింది. చిప్‌లో పెట్టాక మాత్రం ఒకరోజు ఒక ఉష్ణోగ్రత దగ్గర, మరోరోజు ఇంకో ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకుంది. కొన్ని వాల్వులు 41 దాటినా తెరుచుకోలేదు.

ఇలాంటి జెల్‌తో పనిచేసేవారికి ఒక విషయం గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పరివర్తన ఉష్ణోగ్రతను కావలసిన చోటికి జరపడం ఈ రంగంలో ఎప్పుడో తేలిన పని. అసలు రూపకల్పన అంతా దాన్ని అక్కడే నిలిపి ఉంచడంలో ఉంది. జెల్ ఏ ద్రవంలో మునిగి ఉంటుంది, ఎంత మందం ఉంటుంది, దేనికి అతుక్కుని ఉంటుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే మోనోమర్ సీసా మూత తీయాలి. ఈ పనిలో మేము పాటించిన వరుస అదే.

జెల్ ఎందుకు ముడుచుకుంటుంది

కొంచెం నేపథ్యం. నైపామ్ పాలిమర్ నీటిలో దాదాపు 32 డిగ్రీల దగ్గర దశ మార్చుకుంటుందని హెస్కిన్స్, గిలెట్ 1968లో ప్రచురించారు. దాని గొలుసు మీద నీటిని ఇష్టపడే అమైడ్ సమూహాలు, నీటికి దూరంగా ఉండాలనుకునే ఐసోప్రొపైల్ సమూహాలు పక్కపక్కనే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు అమైడ్‌తో నీరు హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటుంది. ఐసోప్రొపైల్ చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో సర్దుకుంటాయి. ఆ క్రమం ఎంట్రోపీ పరంగా ఖరీదైనది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక నీరు విడిపోవడమే లాభం అవుతుంది, గొలుసు తనలోకి తాను ముడుచుకుంటుంది. గొలుసులను క్రాస్‌లింకర్‌తో కలిపి వలగా చేస్తే ఆ ముడుపు మొత్తం జెల్ పరిమాణంలో కనిపిస్తుంది. జెల్ ఇలా ఒక్కసారిగా కుదించుకుపోగలదని టొయోయిచి తనాకా 1978లో పాలీఎక్రిలమైడ్ జెల్‌ను ఎసిటోన్, నీరు కలిసిన ద్రావణంలో ఉంచి చూపించారు.

ఇక్కడి నుంచి ట్యూనింగ్ సూత్రం సులువుగా అర్థమవుతుంది. నీటిని ఇష్టపడే మోనోమర్ కలిపితే పరివర్తన ఉష్ణోగ్రత పైకి పోతుంది. నీటిని వికర్షించే బ్యూటైల్ సమూహాల వంటివి కలిపితే కిందికి దిగుతుంది. 32ను 40 దగ్గరికి తేవాలంటే మొదటి దారి పట్టాలి. ఆ దారిలో ఎక్రిలిక్ ఆమ్లం చాలా బలమైన సాధనం, కొద్ది శాతమే చాలు. అందుకే చాలామంది మొదట దాన్నే పట్టుకుంటారు.

రోజుకో ఉష్ణోగ్రత ఎందుకు

ఆమ్లం అంత బలంగా పనిచేయడానికి కారణం అయనీకరణం. అది ప్రోటాన్‌ను వదిలితే గొలుసు మీద రుణావేశం నిలుస్తుంది. ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వాటి వెంట ఉండే వ్యతిరేక అయాన్లు జెల్‌లోకి నీటిని లాగుతాయి. కాబట్టి ఆ జెల్ పరివర్తన ఉష్ణోగ్రత దాని కూర్పు మీద మాత్రమే ఆధారపడదు. చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్, లవణాల గాఢత, అయాన్ల రకం అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

ఎక్రిలిక్ ఆమ్లం పీకేఏ, అంటే దాని అణువుల్లో సగం ప్రోటాన్‌ను వదిలే పీహెచ్, 4.25 ప్రాంతంలో ఉంటుంది. గాలి తగిలిన శుద్ధజలం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాస్త ఆమ్లంగా ఉంటుంది. అందులో ఆమ్ల సమూహాలన్నీ అయనీకరణం చెందవు. అదే జెల్‌ను 7.4 పీహెచ్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో) వేస్తే దాదాపు అన్నీ అయనీకరణం చెందుతాయి. అంటే శుద్ధజలంలో కొలిచిన జెల్, చిప్‌లో పనిచేసే జెల్ రసాయనపరంగానే వేర్వేరు పదార్థాలు.

కాల్షియం తెచ్చే చిక్కు ఇంకా పెద్దది. కణవర్ధనలో విరివిగా వాడే పోషక ద్రవమైన డల్బెకో మాధ్యమంలో 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉంటుంది. చిప్ కడగడానికి వాడే ఫాస్ఫేట్ బఫర్‌లో, సాధారణంగా వాడే రకంలో, కాల్షియం ఉండదు. రెండు ధనావేశాలున్న కాల్షియం అయాన్ రెండు కార్బాక్సిలేట్ సమూహాలను (ప్రోటాన్ వదిలిన ఆమ్ల సమూహాలను) కలిపి పట్టుకోగలదు. అప్పుడు ఆవేశాల నెట్టుడు తగ్గి పరివర్తన కిందికి దిగుతుంది. బఫర్‌తో కడిగినప్పుడు కాల్షియం నెమ్మదిగా బయటికి పోతుంది, పరివర్తన మళ్లీ పైకి ఎక్కుతుంది. వాల్వు ఆ ఉదయం ఎంతసేపు మాధ్యమంలో ఉంది, ఎంతసేపు బఫర్‌లో ఉంది అన్నదాన్ని బట్టి అది తెరుచుకునే ఉష్ణోగ్రత మారుతోంది. ఒకే వాల్వును మాధ్యమంలో నానబెట్టి ఒకసారి, బఫర్‌లో నానబెట్టి ఒకసారి, మళ్లీ మాధ్యమంలో ఒకసారి పరీక్షిస్తే ఇది స్పష్టంగా బయటపడింది. ప్రతిసారీ, ఉష్ణోగ్రతతో జెల్ ఉబ్బుదల ఎలా మారుతుందో చూపే వక్రరేఖ పక్కకు జరిగి, తిరిగి మొదటి చోటికి వచ్చింది. పదార్థం చెడిపోయి ఉంటే తిరిగి రాదు. అలా తిరిగి రావడమే అయాన్ల మార్పిడికి సాక్ష్యం.

ఆమ్లాన్ని తీసేయాలని నిర్ణయించాం. పీహెచ్‌కు స్పందించడమే పనిగా ఉన్న జెల్‌లో ఆమ్లం ఉండి తీరాలి. ఉష్ణోగ్రతకు మాత్రమే స్పందించాల్సిన జెల్‌లో అది రెండో చెవి వంటిది, వినకూడని మాటలన్నీ వింటుంది.

తటస్థ మోనోమర్‌తో

దాని స్థానంలో ఎన్,ఎన్-డైమిథైల్ ఎక్రిలమైడ్ తీసుకున్నాం. ఇది నీటిని బాగా ఇష్టపడుతుంది, కానీ ఏ పీహెచ్‌లోనూ ఆవేశం పుంజుకోదు. నైపామ్‌లాగే ఇదీ ఎక్రిలమైడ్ కుటుంబానికి చెందినదే కాబట్టి రెండూ పక్కపక్కనే గొలుసులోకి ఎక్కుతాయి. ఆమ్లం కొద్ది శాతంతో చేసే పనికి ఇది మాత్రం చాలా ఎక్కువ కావాలి.

ఎంత కలపాలో లెక్కించేటప్పుడు లవణాల ప్రభావాన్ని మొదటే తీసేసుకోవాలి. శరీర ద్రవాలంత ఉప్పదనం ఉన్న బఫర్‌లో నైపామ్ జెల్ పరివర్తన శుద్ధజలంతో పోలిస్తే ఒకటి రెండు డిగ్రీలు కిందికి వస్తుంది. మాధ్యమంలో 39 నుంచి 40 మధ్య కావాలంటే శుద్ధజలంలో 41 దాటి ఉండాలి. మోనోమర్ మిశ్రమంలో నాలుగో వంతుకు పైగా డైమిథైల్ ఎక్రిలమైడ్ అవసరమైంది. మేము స్థిరపరచిన మిశ్రమం 10 మి.లీ.కి ఇలా ఉంది: నైపామ్ 1.22 గ్రా., డైమిథైల్ ఎక్రిలమైడ్ 0.42 గ్రా., క్రాస్‌లింకర్‌గా మిథిలీన్ బిస్ ఎక్రిలమైడ్ 0.046 గ్రా. మొత్తం మోనోమర్ గాఢత 1.5 మోలార్, క్రాస్‌లింకర్ 2 మోల్ శాతం. నైపామ్‌ను హెక్సేన్‌లో తిరిగి స్ఫటికీకరించి వాడాం. ఈ మోనోమర్లన్నీ పాలిమర్ కాకముందు విషపూరితాలే, నాడీమండలానికి హాని చేయగలవు. తూకం దగ్గర నుంచే చేతితొడుగులు, పొగగూడు తప్పనిసరి.

ఈ మిశ్రమంతో ఆవేశం సమస్య పోయింది. మాధ్యమంలో, బఫర్‌లో వక్రరేఖలు దాదాపు ఒకే చోట నిలిచాయి. మిగిలిన చిన్న తేడా లవణాల మొత్తం గాఢతలోని తేడాకు సరిపోయేదే. దీనికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, పరివర్తన వెడల్పయింది. నైపామ్ ఒక్కటే ఉన్నప్పుడు నిట్టనిలువుగా పడిపోయే రేఖ, నీటిని ఇష్టపడే మోనోమర్ పెరిగేకొద్దీ వాలుగా సాగుతుంది. పరివర్తనను నైపామ్ సహజ స్థానం నుంచి ఎంత దూరం లాగితే పదును అంత తగ్గుతుంది. దీన్ని రసాయనంతో పూర్తిగా సరిచేయలేం. ఆ లోటును జ్యామితితో పూడ్చాం, ఆ వివరం కింద చెబుతాను.

ఒకే ద్రావణం, రెండు జెల్‌లు

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించిన పరిశీలన ఇది. చిప్‌లో పోసిన అదే ద్రావణాన్ని పరీక్షల కోసం గాజు సీసాలో కూడా గట్టిపరుస్తారు. చిప్‌లో జెల్ అద్దంలా పారదర్శకంగా వస్తుంది. సీసాలో తెల్లగా, సున్నపు నీళ్లలా వస్తుంది. తెల్లటి బిళ్లను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అంచు దగ్గర కొంచెం పారదర్శకమైన పట్టీ, లోపలికి వెళ్లేకొద్దీ గుచ్ఛాలు గుచ్ఛాలుగా చేరిన ముద్ద, మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి.

కారణం వేడి. ఎక్రిలమైడ్ రకం మోనోమర్లు పాలిమర్‌గా మారేటప్పుడు ఒక్కో మోల్‌కు దాదాపు 80 కిలోజౌళ్ల ఉష్ణం విడుదలవుతుంది. 1.5 మోలార్ ద్రావణంలో లీటరుకు 120 కిలోజౌళ్లు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే నీటి విశిష్టోష్ణం లెక్కన ద్రావణం దాదాపు 29 డిగ్రీలు వేడెక్కుతుంది. 25 డిగ్రీల గదిలో మొదలుపెడితే అది 50 దాటుతుంది. అంటే వల ఇంకా అల్లుకుంటూ ఉండగానే గొలుసులు తమ పరివర్తన ఉష్ణోగ్రతను దాటి ముడుచుకుంటాయి, ఆ ముడుచుకున్న స్థితిలోనే ఒకదానికొకటి ముడిపడిపోతాయి. తరువాత చల్లార్చినా ఆ ఖాళీలు, గుచ్ఛాలు పోవు. పలుచని చిప్‌లో మాత్రం వేడి గాజులోకి వెంటనే జారిపోతుంది.

తెల్లని జెల్ పనికిరానిదేమీ కాదు. ఖాళీల గుండా నీరు పరుగెత్తుతుంది కాబట్టి అది వేగంగా స్పందిస్తుంది, ఆ వేగం కోసమే కావాలని అలా తయారుచేసేవారూ ఉన్నారు. కానీ సీసాలోని తెల్లని జెల్‌ను కొలిచి, ఆ అంకెలను చిప్‌లోని పారదర్శక జెల్‌కు అంటగడితే రూపకల్పన మొత్తం గాలిలో నిలబడుతుంది. మేము సీసాలను మంచునీటిలో ఉంచి, ద్రావణాన్ని పలుచని పొరలుగా గాజు పలకల మధ్య పోసి బిళ్లలు తయారుచేశాం. అవి పారదర్శకంగా వచ్చాయి. ఆ తరువాతే ఉబ్బుదల, గట్టిదనం కొలతలు మొదలుపెట్టాం.

చిప్‌లో గట్టిపరచడం 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో జరిగింది. ఆక్సిజన్ సంగతి ఇక్కడ మరువకూడదు. అది స్వేచ్ఛా రాడికల్స్‌ను మింగేస్తుంది. ద్రావణంలోకి నత్రజని పంపి ఆక్సిజన్‌ను తరిమేసినా, చిప్ గోడలు సిలికోన్ రబ్బరువైతే గోడల గుండా అది తిరిగి వస్తూనే ఉంటుంది. గోడ పక్కన కొన్ని మైక్రాన్ల మందాన ద్రావణం గట్టిపడకుండా మిగిలిపోతుంది. సూక్ష్మరేణువులను అచ్చుపోసేవారికి ఆ పొర వరం, రేణువులు గోడకు అంటుకోకుండా జారిపోతాయి. వాల్వుకు అదే శాపం, మూసినా కారుతూనే ఉంటుంది. వాల్వులున్న భాగానికి పైనా కిందా గాజే వాడాలని పట్టుబట్టాం. గాజు ఉపరితలానికి మెథాక్రిలేట్ సైలేన్ పూత వేస్తే జెల్ గాజుతో రసాయన బంధం కలుపుకుంటుంది. ఆ పూత లేకపోతే కొన్ని ఆవృత్తులకే (ఉబ్బి ముడుచుకునే విడతలకే) జెల్ గాజును వదిలి పైకి లేస్తుంది.

మందమే వేగం

జెల్ ఎంత వేగంగా ఉబ్బుతుందో, ముడుచుకుంటుందో నిర్ణయించేది వేడి పాకే వేగం కాదు. వేడి చాలా త్వరగా పాకుతుంది. పాలిమర్ వల నీటిలో సర్దుకునే వేగమే అసలు అడ్డంకి. తనాకా, ఫిల్‌మోర్ 1979లో చూపినట్లు దీనికి పట్టే కాలం జెల్ మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వల వ్యాపన గుణకాన్ని సెకనుకు 2×10⁻¹¹ చదరపు మీటర్లుగా తీసుకుంటే 2 మి.మీ. మందం ఉన్న బిళ్లకు ఐదున్నర గంటల వరకు పడుతుంది. 200 మైక్రాన్ల వ్యాసం ఉన్న జెల్ స్తంభానికి నిమిషంన్నర లోపే. పరివర్తనకు దగ్గరలో ఆ గుణకం ఇంకా పడిపోతుంది కాబట్టి ఇవి కనీస కాలాలని అనుకోవాలి.

పెద్ద బిళ్లను ఒక్కసారిగా వేడినీటిలో వేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడదగ్గది. ముందు అంచు తెల్లబడుతుంది. కొద్ది సేపట్లో ఉపరితలమంతా దట్టమైన పొర ఏర్పడి గట్టిగా బిగుసుకుంటుంది. లోపల నీరు ఇంకా చాలా ఉంటుంది, బయటికి రావడానికి దారి ఉండదు. పొర కింద నీరు చేరి అక్కడక్కడ బొబ్బలు లేస్తాయి. తరువాత గంటలు గడిచినా బిళ్ల పెద్దగా చిన్నదవదు. ఈ అడ్డును తప్పించడానికి యోషిదా, ఒకానో బృందం 1995లో ఒక అందమైన మార్గం చూపింది: వలకు ఒక చివర మాత్రమే అతికి, మరో చివర స్వేచ్ఛగా వేలాడే నైపామ్ గొలుసులను చేర్చారు. స్వేచ్ఛగా ఉన్న గొలుసులు వలకన్నా ముందే ముడుచుకుని నీరు పోయే దారులు తెరుస్తాయి. మా స్తంభాల కొలతలో దాని అవసరం రాలేదు.

మాకు అక్కరకు వచ్చింది బీబే బృందం 2000లో పీహెచ్ వాల్వులకు వాడిన ఉపాయం. కాలువ మధ్య గట్టి స్తంభం నిలిపి, దాని చుట్టూ జెల్‌ను పలుచని తొడుగుగా గట్టిపరచాలి. కాలువ వెడల్పు 200 మైక్రాన్లు. మధ్య స్తంభం 120, చుట్టూ ఉబ్బిన తొడుగు ఒక్కో వైపు 40. జెల్ మందం తగ్గింది కాబట్టి సమయం దాదాపు మూడో వంతుకు దిగింది. మరో లాభం, తొడుగు లోపలి స్తంభానికి అతికి ఉండటం వల్ల దాని మార్పు ఎక్కువగా మందం దిశలోనే సాగుతుంది.

ఇక పదును తగ్గిన సమస్యకు జవాబు ఇక్కడే ఉంది. సన్నని సందులో ద్రవ ప్రవాహం సందు వెడల్పు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. తొడుగు 40 మైక్రాన్ల నుంచి 24కు తగ్గితే ఒక్కో వైపు 16 మైక్రాన్ల సందు వస్తుంది. 32కు మాత్రమే తగ్గితే సందు 8 మైక్రాన్లు, ప్రవాహం మొదటిదానిలో ఎనిమిదో వంతు. అంటే జెల్ సగం పనే చేసిన ఉష్ణోగ్రత దగ్గర వాల్వు ఇంకా దాదాపు మూసే ఉంటుంది. వాలుగా ఉన్న జెల్ వక్రరేఖను ఈ ఘన నియమం పదునుగా మారుస్తుంది. జెల్ నుంచి అద్భుతమైన మార్పు కోరకుండా, ఆకారం నుంచి ఆ పదును తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. జెల్‌ను ఎంత తక్కువ కష్టపెడితే అది అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎక్కువ ఉబ్బే జెల్ మరో ఇబ్బందీ తెస్తుంది. గోడకు అతికిన జెల్ పక్కలకు సాగలేదు కాబట్టి ఉబ్బేటప్పుడు తనలో తాను కుదింపుకు లోనవుతుంది. ఆ కుదింపు దాదాపు మూడో వంతు దాటితే ఉపరితలం మడతలు పడుతుంది. మడతల లోయల గుండా ద్రవం కారుతుంది, ప్రతి ఆవృత్తిలోనూ అవే చోట్ల పగుళ్లు మొదలవుతాయి. క్రాస్‌లింకర్‌ను 2 మోల్ శాతం దగ్గర ఉంచడానికి కారణం ఇదే. ఇంకా పెంచితే ఉబ్బుదల, ముడుపు రెండూ చచ్చుబడతాయి. తగ్గిస్తే మడతలు.

కొలతల్లో నమ్మదగినవి, నమ్మకూడనివి

పరివర్తన ఉష్ణోగ్రత అని ఒక అంకె రాసేముందు దాన్ని ఎలా కొలిచారో రాయాలి. కాంతి ప్రసారం సగానికి పడిన చోటు, కెలోరీమీటర్‌లో శిఖరం మొదలైన చోటు, వ్యాసం వక్రరేఖ వాలు ఎక్కువైన చోటు ఒకే అంకె ఇవ్వవు. వేడిచేసే వేగం పెరిగితే అన్నీ పైకి జరుగుతాయి. మాకు కావలసింది సందు తెరుచుకోవడం కాబట్టి పరికరంలోనే, అసలు మాధ్యమంలోనే, సూక్ష్మదర్శిని కింద తొడుగు మందాన్ని అర డిగ్రీ మెట్లతో కొలిచాం. ప్రతి మెట్టు దగ్గర మందం స్థిరపడేదాకా ఆగాం. వేడెక్కేటప్పుడు ఒకసారి, చల్లారేటప్పుడు ఒకసారి.

ఆ రెండు రేఖలు ఒకదానిపై ఒకటి పడవు. నైపామ్ గొలుసులు ముడుచుకున్నప్పుడు వాటి అమైడ్ సమూహాలు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటాయి. చల్లారేటప్పుడు ఆ బంధాలు తెగితేగానీ నీరు లోపలికి రాదు, అందుకే వాల్వు తెరుచుకున్న ఉష్ణోగ్రతకన్నా కొంచెం కింద మూసుకుంటుంది. మాకున్న 37, 41 మధ్య ఎడంలో అది ఇమిడింది. ఎడం ఒక డిగ్రీ మాత్రమే ఉండి ఉంటే నైపామ్‌ను వదులుకోవలసి వచ్చేది.

గట్టిదనాన్ని రియోమీటర్ మీద కొలిచేటప్పుడు ముడుచుకున్న బిళ్ల పలకను వదిలి జారిపోతుంది. అప్పుడు కనిపించే గట్టిదనపు పతనం జెల్‌ది కాదు, జారుడుది. పలకల మధ్య ఎడాన్ని స్థిరంగా ఉంచకుండా, నొక్కే బలాన్ని స్థిరంగా ఉంచి కొలవాలి. అంచున నీరు ఆవిరి కాకుండా నూనె పొర వేయాలి.

స్థిరత్వ పరీక్షకు ముందు కడగడం ముఖ్యం. కొత్త జెల్‌లో వలకు అతుక్కోని గొలుసులు, మిగిలిపోయిన మోనోమర్ ఉంటాయి. అవి మొదటి కొన్ని ఆవృత్తుల్లో బయటికి కారుతుంటే జెల్ మారిపోతున్నట్లు కనిపిస్తుంది. చల్లని నీటిలో ఉబ్బనిచ్చి, వేడి నీటిలో ముడుచుకోనిచ్చి, మళ్లీ చల్లని నీటిలో వేస్తే జెల్ తన నీటిని తానే తోడి పోస్తుంది. ఊరికే నానబెట్టడంకన్నా ఇది చాలా త్వరగా శుభ్రపరుస్తుంది. ఎండబెట్టిన బరువు ఇక మారకుండా నిలిచిన తరువాతే ఆవృత్తుల లెక్క మొదలవ్వాలి. కణాల పక్కన పెట్టే వస్తువుకు ఈ కడుగుడు ఎలాగూ తప్పదు.

ప్రోటీన్లున్న దారిలో

కడిగే ద్రవం పారే దారుల్లో డైమిథైల్ ఎక్రిలమైడ్ జెల్ నిలకడగా పనిచేసింది. సీరం (ప్రోటీన్లున్న రక్తద్రవం) కలిసిన మాధ్యమం పారే దారుల్లో మాత్రం మూసుకునే సమయం క్రమంగా పెరిగింది. ముడుచుకున్న నైపామ్ ఉపరితలం నీటిని వికర్షిస్తుంది, దాని మీద ప్రోటీన్లు చేరతాయి. ఒకానో ప్రయోగశాల కణాల పొరలను చెక్కుచెదరకుండా ఎత్తడానికి వాడుకున్నది ఈ గుణాన్నే: 37 దగ్గర కణాలు నైపామ్ పూత మీద అతుక్కుంటాయి, పాత్రను చల్లారిస్తే వాటంతట అవే వదులుతాయి. మా వాల్వు తెరిచి ఉన్న ప్రతిసారీ ముడుచుకున్న ఉపరితలాన్నే ప్రవాహానికి చూపిస్తుంది. ఆ గుణం ఇక్కడ ఎదురు తిరిగింది.

ఆ దారులకు వేరే కుటుంబం తీసుకున్నాం: ఇథిలీన్ గ్లైకాల్ పక్కగొలుసులున్న మెథాక్రిలేట్లు. రెండు ఇథిలీన్ గ్లైకాల్ ఖండాలున్న మోనోమర్ పాలిమర్ 26 నుంచి 28 డిగ్రీల దగ్గర దశ మార్చుకుంటుంది, ఎనిమిది తొమ్మిది ఖండాలున్నది 90 దగ్గర. రెండింటినీ కలిపితే పరివర్తన మిశ్రమ నిష్పత్తిని బట్టి మధ్యలో ఎక్కడైనా పడుతుందని లుట్జ్ బృందం 2006లో చూపింది. పొడవాటిది 5 మోల్ శాతం ఉంటే 32 దగ్గర, 10 శాతం ఉంటే 39 దగ్గర. ఈ గొలుసుల్లో హైడ్రోజన్‌ను ఇచ్చే అమైడ్ లేదు కాబట్టి వేడి, చల్లని రేఖలు దాదాపు కలిసిపోతాయి. ప్రోటీన్లు కూడా వీటి మీద తక్కువగా చేరతాయి. జెల్ రూపంలో పరివర్తన నైపామ్‌కన్నా వాలుగా ఉంటుంది, కానీ ఘన నియమం దాన్ని ముందే భర్తీ చేసింది. చిన్న మోనోమర్ మాకు కావలసిన గాఢతలో నీటిలో కరగదు కాబట్టి ఇథనాల్ కలిపిన నీటిలో గట్టిపరచి, తరువాత ఇథనాల్‌ను కడిగేశాం.

దారికో జెల్ పెట్టడం బృందానికి మొదట నచ్చలేదు, ఒకే మిశ్రమం ఉంటే తయారీ సులువు. నేను మాత్రం రెండూ ఉండాలనే పట్టుబట్టాను. కడిగే దారికి త్వరగా గట్టిపడి, నీటిలోనే తయారయ్యే ఎక్రిలమైడ్ జెల్ హాయి. సీరం దారికి అది సరిపోదు. మట్టి రేణువులతో బలపరచిన నైపామ్ జెల్ గురించి కూడా చర్చ వచ్చింది. హరగుచి బృందం 2002లో చూపిన ఆ జెల్ అసాధారణంగా సాగుతుంది, కానీ గట్టిపరచే ద్రావణంలో లవణాలుంటే రేణువులు గుమిగూడతాయి. మా తొడుగు ఎక్కువ సాగాల్సిన అవసరమే లేనప్పుడు ఆ చిక్కు ఎందుకు తెచ్చుకోవాలి అనిపించింది.

ఇథిలీన్ గ్లైకాల్ మోనోమర్ల విషయంలో కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ చేయాల్సిన పరీక్ష ఒకటి తయారీ పత్రంలో మొదటి వరుసగా చేర్చాం. పొడవాటి మోనోమర్‌లో రెండు చివర్లా మెథాక్రిలేట్ ఉన్న మలినం కొంత ఉంటుంది, అది క్రాస్‌లింకర్‌గా పనిచేస్తుంది. సీసాకు సీసాకు దాని మొత్తం మారుతుంది. కాబట్టి ముందుగా క్షార అల్యూమినా గుండా పంపి, సీసాలోనే గట్టిపడకుండా కలిపిన నిరోధకాన్ని తీసేయాలి, ఆపై క్రాస్‌లింకర్ అసలు కలపకుండా చిన్న మొత్తం గట్టిపరచి చూడాలి. ఏమీ కలపకుండానే జెల్ కట్టి, దాని ఉబ్బుదల పాత సీసాకన్నా తక్కువగా ఉంటే, కలపాల్సిన క్రాస్‌లింకర్‌ను ఆ మేరకు తగ్గించాలి. సీసాలను చీకట్లో, చల్లగా, గాలి తగలకుండా ఉంచాలి. ఈథర్ గొలుసులు గాలిలోని ఆక్సిజన్‌తో పెరాక్సైడ్‌లు కడతాయి. పూర్తయిన చిప్‌లను ఎప్పుడూ తడిగా, బఫర్ నింపి, చివర్లు మూసి నిల్వ చేయాలి. ఒక్కసారి ఎండితే తొడుగు గాజు అంచు దగ్గర చీలుతుంది, తిరిగి తడిపినా ఆ చీలిక పూడదు.